గుమ్మం దాకా రాని కాగితం

అసెంబ్లీ వార్తలు రాసే ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎమ్మెల్యేల ఇళ్ల ముందు పొద్దుటి పూట ఎలా ఉంటుందో చూస్తూ వచ్చాను. ఏడు కొట్టేసరికే గుమ్మం ముందు చెప్పులు నిండిపోతాయి. పింఛను ఆగిపోయిన ముసలమ్మ, గురుకులంలో సీటు కోసం వచ్చిన తండ్రి, నాలా మీద గోడ కట్టేశారని కాలనీ సంఘం వాళ్లు, కొడుకుని స్టేషన్లో కూర్చోబెట్టారని కళ్లు తుడుచుకుంటున్న తల్లి. ప్రతి చేతిలోనూ ఒక కాగితం. పీఏ ఆ కాగితాలు అందుకుంటాడు. నాయకుడు మూలన ఏదో రాస్తాడు, ఎవరికో ఫోను కలపమంటాడు. పని అవుతుందా కాదా అన్నది తర్వాతి మాట. తన నియోజకవర్గంలో ఏం జరుగుతోందో ఆయనకి తెలిసేది చాలావరకు ఆ కాగితాల వల్లే. కాగితం మీదికి ఎక్కని కష్టం ఆయన లెక్కలో లేనట్టే.

ఆ గుమ్మం ముందు నేను ఎన్నడూ చూడని కాగితం ఒకటుంది. ఆడపిల్లలకు సున్తీ చేసే ఆచారాన్ని ఆపించమని అడిగే కాగితం. ఇవాళ్టి ప్రసంగం దాని గురించే. పిల్లలు కూడా వింటూ ఉండవచ్చు కాబట్టి మాట జాగ్రత్తగా వాడతాను. విషయం మాత్రం దాచను.

మన దేశంలో ఈ ఆచారం ప్రధానంగా దావూదీ బోహ్రాలలో ఉంది. షియా ముస్లింలలో చిన్న శాఖ వాళ్లది. మూలం గుజరాత్, వృత్తి వ్యాపారం. ఆడపిల్లల్ని బాగా చదివించే సమాజం. ముంబయిలో ఉండే మతాధిపతి సయ్యద్‌నా మాట వాళ్లకి శిరోధార్యం. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో కూడా బోహ్రా కుటుంబాలున్నాయి. పిల్లకి ఏడేళ్ల వయసు వచ్చేసరికి, సాధారణంగా అమ్మమ్మో నానమ్మో మేనత్తో, షికారుకని చెప్పి తీసుకువెళతారు. ఒక గదిలో పడుకోబెట్టి, జననాంగం మీద ఉండే అతి సున్నితమైన చర్మాన్ని కొద్దిగా కోస్తారు. వాళ్లు దీన్ని ఖత్నా అంటారు, ఖఫ్జ్ అని కూడా అంటారు. ఎవరికీ చెప్పొద్దని పిల్లకి చెబుతారు. పిల్ల ఎవరికీ చెప్పదు. ఖురాన్‌లో దీని ప్రస్తావన లేదు. మన తెలుగు ముస్లింలలో ఎక్కువమందికి ఇలాంటిది ఒకటుందనే తెలియదు.

ఇక ప్రపంచం సంగతి. 2024 మార్చిలో యూనిసెఫ్ చెప్పిన లెక్క ప్రకారం ఇలా కోతకి గురై ఇవాళ జీవించి ఉన్న స్త్రీలు, బాలికలు 23 కోట్ల మందికి పైనే. అందులో ఆఫ్రికాలో 14 కోట్ల 40 లక్షలు, ఆసియాలో 8 కోట్లు. కొన్నిచోట్ల కోత చాలా ఘోరంగా ఉంటుంది, కుట్లు కూడా వేస్తారు. ఎంత చిన్నదైనా, ఎంత పెద్దదైనా దీనివల్ల ఆరోగ్యానికి ఒక్క మేలు కూడా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. ఆ సంస్థే ఆరు ఆఫ్రికా దేశాలలో 28 వేలకి పైగా కాన్పులు పరిశీలించి 2006లో ఒక అధ్యయనం వెలువరించింది. కోత ఎంత తీవ్రమైతే కాన్పులో తల్లికీ బిడ్డకీ ప్రమాదం అంత ఎక్కువని అందులో తేలింది.

హైదరాబాద్ రాయదుర్గంలో కూర్చుని ఇదంతా ఎందుకు మాట్లాడుతున్నాను? మా రాయదుర్గం నుంచి షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కితే కాసేపట్లో టోలీచౌకి వస్తుంది. చదువులకీ వైద్యానికీ వచ్చిన సోమాలియా వాళ్లు, సూడాన్ వాళ్లు, యెమెన్ వాళ్లు అక్కడ అద్దెకుంటారు. సోమాలియాలో పెద్దవయసు స్త్రీలలో దాదాపు అందరికీ చిన్నప్పుడు కోత జరిగే ఉంటుంది. అలా కోత జరిగిన అమ్మాయి నెలలు నిండి మన ఆసుపత్రికి వస్తే, ప్రసూతి వార్డులో ఉన్న మన డాక్టరమ్మకి, నర్సుకి దీని గురించి ముందే తెలిసి ఉండాలా వద్దా? మా ఐటీ కారిడార్ నిండా ప్రపంచ దేశాలకి పనిచేసే కంపెనీలే. ఆ ప్రపంచం వచ్చి మన పక్కవీధిలో కాపురం ఉంటే దాని కష్టం మనకి కనపడదు.

చట్టం సంగతికి వద్దాం. ఇండియాలో ఈ ఆచారాన్ని పేరు పెట్టి నిషేధించే చట్టం లేదు. గాయపరచడం గురించిన నేర చట్టం సెక్షన్లున్నాయి, పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం ఉంది. 2017లో సునీతా తివారీ అనే న్యాయవాది సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. ఆ ఏడాది మే నెలలో అప్పటి స్త్రీ శిశు సంక్షేమ మంత్రి మేనకా గాంధీ, బోహ్రాలు తమంతట తాము మానకపోతే చట్టం తెస్తామన్నారు. డిసెంబరు వచ్చేసరికి ఆమె మంత్రిత్వ శాఖే కోర్టుకి అఫిడవిట్ ఇచ్చింది. దేశంలో ఈ ఆచారం ఉన్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ దగ్గర కానీ మరోచోట కానీ అధికారిక లెక్కలు, అధ్యయనాలు లేవని దాని సారాంశం.

ఆ ఒక్క వాక్యం మీద కాసేపు ఆగాలి. నేర గణాంకాల సంస్థ లెక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? స్టేషన్లో నమోదైన కేసుల నుంచి. కేసు దేని కింద నమోదవుతుంది? సెక్షను కింద. సెక్షను లేని నేరానికి లెక్క రాదు. లెక్క లేదు కాబట్టి సెక్షను అవసరం కనపడదు. ఇక జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉంది. ఇంటింటికీ వెళ్లి కాన్పులు, రక్తహీనత, మొగుడు కొట్టడం దాకా అన్నీ అడుగుతుంది. ఈ ఒక్క ప్రశ్న అడగదు. ప్రభుత్వం అడగని లెక్క ఆ సమాజపు ఆడవాళ్లే తీశారు. సహియో అనే సంస్థ ఆన్‌లైన్‌లో 385 మంది బోహ్రా స్త్రీలను ప్రశ్నించి 2017లో ఫలితాలు ప్రకటించింది. అందులో 80 శాతం మందికి సున్తీ జరిగింది. 2018లో మరో అధ్యయనం వచ్చింది. దానిలో మాట్లాడినవాళ్లు 94 మంది. వాళ్ల కూతుళ్లలో ఏడేళ్లు, ఆపైన ఉన్నవాళ్లలో 75 శాతం మందికి జరిగిందని అందులో ఉంది. ఇవి చిన్న లెక్కలు, దేశం మొత్తానికి వర్తించే లెక్కలు కావు. కానీ ‘అసలు లేదు’ అన్న మాట మీద ఎవరూ సంతకం పెట్టకుండా ఉండడానికి ఈ మాత్రం చాలు.

2018 జులైలో అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ ఈ నిషేధానికి ప్రభుత్వం మద్దతు ఇస్తోందని కోర్టులోనే చెప్పారు. సెప్టెంబరు 24న కేసు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్లింది. 2019 నవంబరులో శబరిమల తీర్పు పునఃసమీక్షతో కలిసి తొమ్మిదిమంది దగ్గరికి చేరే ప్రశ్నల మూటలో పడింది. మత స్వేచ్ఛ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్న పెద్ద ప్రశ్న అది. న్యాయమూర్తులు తేల్చవలసిందే, కాదనను. కానీ 2017లో ఏడేళ్లున్న పిల్ల ఇప్పుడు కాలేజీ మెట్లు ఎక్కుతుంది. కోర్టుకి తొందర ఉండదు. ఎన్నికైన సభకి తొందర పుట్టించవచ్చు. నా మాటంతా ఈ రెండో సంగతి గురించే.

మరి బోహ్రా ఆడవాళ్లే ఎమ్మెల్యే గుమ్మం ముందుకి ఎందుకు రాలేదని అడగవచ్చు. 2011లో ఈ ఆచారం ఆపమని సయ్యద్‌నాకి ఆన్‌లైన్‌లో మొదటి విజ్ఞప్తి పెట్టిన స్త్రీ తస్లీమ్ అన్న పేరు వాడుకుంది, ఎవరో తెలియనివ్వలేదు. 2015లో మాసూమా రానాల్వీ, ఆమెతోపాటు మరికొందరు సొంత పేర్లతో మంత్రికి విజ్ఞప్తి రాసేదాకా ముఖం చూపించినవాళ్లు చాలా తక్కువ. కారణం వెలి. వెలి అంటే ఏమిటో మన పల్లెల్లో పుట్టినవాళ్లకి వివరించక్కరలేదు. పెళ్లికి పిలవరు, చావుకి రారు, శ్మశానంలో చోటు ఇవ్వరు. వ్యాపారం చేసే సమాజంలో అంగడికి ఎవరూ రారు కూడా.

ఈ వెలిని ఆపడానికి బొంబాయి శాసనసభ 1949లోనే ఒక చట్టం చేసింది. దాని మీద అప్పటి సయ్యద్‌నా సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1962లో ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు ఆ చట్టం చెల్లదన్నారు. ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా ఒక్కరే విభేదించారు. 2016లో మహారాష్ట్ర శాసనసభ సాంఘిక బహిష్కరణ మీద మళ్లీ ఒక చట్టం చేసింది. ఆ పాత 1962 తీర్పుని తిరిగి చూడాలని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది ధర్మాసనానికే పంపింది. అంటే నోరు తెరవాలనుకునే స్త్రీకి సున్తీ చట్టం కన్నా ముందు కావలసింది వెలి చట్టం. ఎమ్మెల్యేని కలవబోయే వాళ్లు ఈ వరస తెలుసుకుని వెళ్లాలి. బాధితుల్ని తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టండి అని ఆయన అంటే, నిలబడ్డ మర్నాడు వాళ్ల గతి ఏమిటని ఎదురు ప్రశ్న వేయగలగాలి.

మనకి ఈ దారి కొత్తది కాదు. మన పెద్దవాళ్లు నడిచిన దారే. 1926లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసన మండలికి నామినేట్ అయ్యారు. అప్పుడు కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనే ఉన్నాయి కదా, అది మనదీ అయిన సభే. అంతమంది మగవాళ్లలో ఆమె ఒక్కరే స్త్రీ. ఆమెను డిప్యూటీ ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. ఆడపిల్లల్ని దేవాలయాలకు అంకితం చేసే ఆచారం ఆపాలని 1927లో ఆమె తీర్మానం పెట్టారు. అనుకూలంగానూ వ్యతిరేకంగానూ విజ్ఞాపనలు వచ్చి పడ్డాయి. వ్యతిరేకించిన వాళ్లలో దేవదాసీలు కూడా ఉన్నారు. మా భూమి, మా విద్య, మా బతుకు పోతాయన్నారు. వాళ్ల భయం ఉత్తది కాదు.

ఆమె చేసిన ఒక పని నాకు చట్టం కన్నా గొప్పగా కనపడుతుంది. 1929లో దేవాదాయ చట్టానికి సవరణ చేయించారు. గుడిలో సేవ చేస్తేనే అనుభవించే ఇనాం భూమి, సేవ మానినా ఆ స్త్రీకే దక్కేటట్టు చేశారు. అంటే ఆచారం మానమని చెప్పేముందు, మానితే ఏం తినాలో ఆలోచించారు. గాంధీజీ అరెస్టుకి నిరసనగా 1930లో ఆమె మండలికి రాజీనామా చేశారు. అదే ఏడాది, ఆ బతుకు వద్దని పారిపోయి వచ్చిన అమ్మాయిల కోసం అవ్వై హోమ్ మొదలుపెట్టారు. బందరు నుంచి వచ్చిన యామినీ పూర్ణతిలకం కళావంతుల కులంలో పుట్టి, ఆ ఆచారం మీదే పోరాడి, మద్రాసులో అమ్మాయిలకి శరణాలయం నడిపారు. పూర్తి నిషేధ చట్టం మాత్రం 1947లో కానీ రాలేదు. తీర్మానానికీ చట్టానికీ మధ్య ఇరవై ఏళ్లు. మధ్యలో ఎన్నికైన మంత్రివర్గాలు వచ్చాయి, పోయాయి. ఎవరికీ ఇది అర్జెంటు పని అనిపించలేదు.

తెలంగాణ పల్లెల్లో అదే ఆచారం జోగిని పేరుతో మిగిలింది. సీమలో బసివిని అన్నారు. మా రాయదుర్గం పేరుతోనే అనంతపురం జిల్లాలో ఇంకో రాయదుర్గం ఉంది చూశారూ, ఆ వైపు పల్లెలకి అది బాగా తెలిసిన మాట. నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం గారు, అంటే జాషువా గారి అమ్మాయి, గోరా గారి కోడలు, జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. వర్నిలో చెల్లి నిలయం పెట్టి వాళ్ల చదువూ బతుకుదెరువూ చూశారు. అలాంటి వాళ్ల పని ముందు, శాసనసభ వెనక. 1988లో మన ఉమ్మడి రాష్ట్ర శాసనసభ దేవదాసీ నిషేధ చట్టం చేసింది. బయటివాళ్లు అంకితం చేయిస్తే ఒక శిక్ష, కన్నవాళ్లే చేస్తే ఇంకా ఎక్కువ శిక్ష. ఢిల్లీ కోసం ఎదురుచూడలేదు. ఇది మనం గుర్తుపెట్టుకోవాలి. ఆడపిల్ల శరీరం మీద జరిగే అన్యాయానికి రాష్ట్ర శాసనసభ తనంతట తాను చట్టం చేయగలదు. చట్టం వచ్చి పాతికేళ్లయినా జోగినుల పిల్లల స్థితి తెలుసుకోవడానికి 2013లో జస్టిస్ రఘునాథరావు ఏకసభ్య కమిషన్‌ను వేయవలసి వచ్చిందన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

సముద్రాలు దాటి వెళితే ఇంకో కథ ఉంది. చట్టం ఎవరి చేతుల మీదుగా వస్తుందన్నది ఎంత ముఖ్యమో దీనికన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు కనపడలేదు. గాంబియా పశ్చిమ ఆఫ్రికాలో చిన్న దేశం. జనాభా మన హైదరాబాద్‌లో మూడోవంతు కూడా ఉండదు. అక్కడ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 73 శాతం మందికి కోత జరిగింది. 2015లో నియంత యాహ్యా జమ్మే ఒకనాడు నిషేధం అన్నాడు, చట్టం అయిపోయింది. ఎవరితోనూ చర్చ లేదు. రెండేళ్లు తిరక్కుండానే అతను ఎన్నికల్లో ఓడి దేశం విడిచి పారిపోయాడు. చట్టం పుస్తకంలో నిద్రపోయింది. 2023 ఆగస్టులో మొదటిసారిగా ముగ్గురు స్త్రీలకి శిక్ష పడింది, జరిమానా వేశారు. ఆ జరిమానా ఒక పేరున్న ఇమామ్ కట్టారు. అక్కణ్ణుంచి రగిలింది. నిషేధం ఎత్తివేయాలని అల్మామే గిబ్బా అనే సభ్యుడు ప్రైవేటు బిల్లు తెచ్చారు. 2024 మార్చిలో ఆ బిల్లుని ముందుకి పంపడానికి 42 మంది ఓటేశారు, వద్దన్నవాళ్లు నలుగురు. సభ మొత్తం 58 మంది. అందులో స్త్రీలు ఐదుగురు.

ఆ 42 మందీ క్రూరులని నేను అనుకోను. ప్రతి ఒక్కరికీ ఒక నియోజకవర్గం ఉంది, అందులో మసీదు ఉంది, మసీదులో ఇమామ్ ఉన్నాడు. నిషేధం ఉండాలని అడగడానికి వాళ్ల గుమ్మం ముందుకి అప్పటిదాకా పెద్దగా ఎవరూ రాలేదు. తర్వాత నాలుగు నెలలు వచ్చారు. కోతకి గురైన స్త్రీలు తమ నోటితో చెప్పారు. డాక్టర్లు కమిటీ ముందు కూర్చుని కాన్పు బల్ల మీద ఏం చూస్తున్నారో చెప్పారు. మతపెద్దలు రెండువైపులా మాట్లాడారు. సభా కమిటీ అందరినీ విని, నిషేధం ఉండాల్సిందేనని నివేదిక ఇచ్చింది. జులై 15న అదే సభ ఆ బిల్లులోని క్లాజులను ఒక్కొక్కటిగా ఓటుకి పెట్టి తిరస్కరించింది. నియంత ఇచ్చిన చట్టం తొమ్మిదేళ్లు గాలిలో వేలాడింది. ఎన్నికైన సభ తిట్లు తిని, బెదిరింపులు విని, ఓట్లు పోతాయని భయపడి కూడా నిలబెట్టిన తర్వాత అది వాళ్ల సొంతమైంది. నియంతృత్వం వల్ల పనులు త్వరగా అవుతాయని మా ఆఫీసు క్యాంటీన్లలో వాదించే కుర్రాళ్లకి ఈ కథ చెబుతుంటాను. వాళ్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

కెన్యా చట్టంలో ఒక సెక్షను మనవాళ్లు చదవాలి. 1996లో అక్కడి పార్లమెంటు నిషేధ తీర్మానాన్ని ఓడించింది. 2001లో బాలల చట్టంలో కొంత వచ్చింది. 2011లో పూర్తి చట్టం వచ్చింది, మహిళా ఎంపీల సంఘం దాని వెనక గట్టిగా నిలబడింది. కోయడం నేరం, కోయించడం నేరం, అందుకోసం పిల్లని సరిహద్దు దాటించడం నేరం. వీటితోపాటు, కోత జరగని స్త్రీని ఆ కారణంగా హేళన చేయడం కూడా నేరమన్నారు. చట్టం రాసినవాళ్లకి ఆచారం ఎక్కడ ఉంటుందో తెలుసు. అది కత్తిలో కన్నా ఇరుగుపొరుగు నోటిలో ఎక్కువ ఉంటుంది. 1998లో కెన్యా స్త్రీలలో 38 శాతం మందికి ఉన్న కోత 2022 సర్వేకి 15 శాతానికి తగ్గింది. చట్టం ఒక్కదాని వల్లే అనను, చదువు కూడా పెరిగింది.

అమెరికా సంగతి మన డెట్రాయిట్ తెలుగువాళ్లకి తెలిసే ఉంటుంది. కాంగ్రెస్ సభ్యురాలు ప్యాట్ ష్రోడర్ పూనికతో అక్కడ 1996లోనే కేంద్ర చట్టం వచ్చింది. 2017లో డెట్రాయిట్ పక్కన ఒక క్లినిక్‌లో బోహ్రా కుటుంబాల పిల్లలకి కోత జరిగిందని కేసు పెట్టారు. 2018 నవంబరులో న్యాయమూర్తి అసలు చట్టమే చెల్లదన్నారు. అది రాష్ట్రాల పరిధిలోని నేరమనీ, దాని మీద అలా చట్టం చేసే అధికారం కాంగ్రెస్‌కి లేదనీ ఆయన అభ్యంతరం. రెండు పార్టీల సభ్యులూ కలిసి, ఆ లోటు పూడుస్తూ కొత్త చట్టం చేయించారు. 2021 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. మంచి మనసుతో హడావిడిగా రాసిన చట్టం కోర్టులో నిలవదు. మా కారిడార్‌లో న్యాయ విభాగాలున్న కంపెనీలు బోలెడు. కాంట్రాక్టులో కామా ఎక్కడుండాలో వారం రోజులు వాదించే లాయర్లు ఒక పూట బిల్లు ముసాయిదా చదివిపెడితే ఎమ్మెల్యేకి అదొక పెద్ద సాయం.

అయితే ఎమ్మెల్యేని, ఎంపీని ఏమని అడగాలి? ‘చట్టం చేయండి’ అంటే సరేనంటారు, అంతటితో మరచిపోతారు. చిన్న పని అడగాలి. రాయదుర్గం చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది. మన ఎంపీ లోక్‌సభలో ఒక ప్రశ్న వేయగలరు: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ప్రశ్న చేరుస్తారా, లేదా? దానికి మంత్రి అవుననో కాదనో జవాబు చెప్పాలి, అది రికార్డులో ఉండిపోతుంది. లోక్‌సభకి పిటిషన్ల కమిటీ ఒకటుంది, సభ్యుడు సంతకం కలిపితే పౌరులు నేరుగా వినతి పెట్టుకోవచ్చు. శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అసెంబ్లీలో ఆరోగ్య మంత్రిని అడగగలరు: ఇలాంటి కోతతో వచ్చిన గర్భిణికి, పిల్లకి వైద్యం ఎలా చేయాలో మన ప్రభుత్వ డాక్టర్లకి మార్గదర్శకాలు ఉన్నాయా? ఈ ప్రశ్నకి ఏ పార్టీ వాళ్లూ నొచ్చుకోరు, ఏ మతమూ నొచ్చుకోదు. మొదటి కాగితం అలాంటిదే ఉండాలి. ఒక్క పేజీ దాటకూడదు, తెలుగులో ఉండాలి, చివర ఒకే ఒక్క కోరిక ఉండాలి.

ప్రైవేటు బిల్లు వెయ్యమని అడిగేవాళ్లుంటారు. పార్లమెంటులో 1970 తర్వాత ఒక్క ప్రైవేటు బిల్లు కూడా చట్టం కాలేదు. అలాగని వృథా కాదు. 2015లో తిరుచ్చి శివ తెచ్చిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లు రాజ్యసభలో నెగ్గింది. తర్వాత ప్రభుత్వం తనే ఒక చట్టం తేవలసి వచ్చింది, అది అడిగినవాళ్లకి నచ్చిందా అన్నది వేరే ప్రశ్న. లండన్‌లో 2019 ఫిబ్రవరిలో ఇంకా విచిత్రం జరిగింది. మన దగ్గరలాగే అక్కడా ప్రైవేటు బిల్లులకి శుక్రవారమే. పిల్లల్ని ఈ కోత నుంచి కాపాడే బిల్లుకి ఒకే ఒక సభ్యుడు లేచి ‘అభ్యంతరం’ అన్నాడు. ఆ ఒక్క మాటతో బిల్లు ఆగిపోయింది. దేశమంతా గగ్గోలు పుట్టింది, ప్రభుత్వమే దాన్ని నెత్తికెత్తుకుంది, మార్చి మధ్యకల్లా చట్టమైంది. అడ్డుకున్న సభ్యుడు ఆ బిల్లుకి చేసినంత మేలు సమర్థించినవాళ్లు కూడా చేయలేదేమో.

ఒక హెచ్చరిక. ఈ విషయం చేతికందితే పరుగెత్తుకొచ్చే నాయకులు కొందరుంటారు. వాళ్లకి ఆడపిల్ల మీద కన్నా ఒక మతం మీద ఆసక్తి ఎక్కువ. ముందుగా మైకు అందుకునేది వాళ్లే. అలాంటి నాయకుడి చేతిలో ఇది పడిన రోజున, నోరు విప్పుదామనుకున్న బోహ్రా తల్లి తలుపు వేసేసుకుంటుంది. తన సమాజాన్ని తిట్టడానికి తన బాధని వాడుకోనివ్వదు, అది సహజం. కాబట్టి ఎవరి దగ్గరికి వెళుతున్నామన్నది ఎంత ముఖ్యమో, ఎవరితో కలిసి వెళుతున్నామన్నది అంతకన్నా ముఖ్యం. ఆ సమాజపు స్త్రీలు ముందు నడవాలి, మనం వెనక కాగితాలు పట్టుకోవాలి.

అవతలి పక్షాన్ని కూడా ప్రజాప్రతినిధి వింటాడు, వినాలి. మతస్వేచ్ఛ కోసమని 2017లో బోహ్రా స్త్రీలే కొందరు ఒక సంఘం పెట్టుకున్నారు. తమది హాని లేని మతాచారమనీ, ఆఫ్రికాలో జరిగే దానితో పోల్చవద్దనీ వాళ్ల వాదన. మగపిల్లల సున్తీని ఒప్పుకుంటూ దీన్ని మాత్రం నేరమనడం ఏమిటని అడుగుతారు. కొట్టిపారేయకుండా జవాబు చెప్పాల్సిన ప్రశ్నలివి. నా జవాబు ఇది: మగపిల్లల సంగతి వేరే చర్చ, కావాలంటే అదీ పెట్టండి. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ తన విశ్వాసం కోసం తన ఒంటి మీద ఏం చేసుకుంటుందో ఆమె ఇష్టమని నేను ఒప్పుకోగలను. కెన్యా చట్టం ఆ మాటా ఒప్పుకోదు, అక్కడ నాకు కొంచెం తేడా ఉంది. ఏడేళ్ల పిల్ల విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. ఆస్ట్రేలియాలోనూ ఇదే వాదన వచ్చింది. ‘కొద్దిగా గాటు పెట్టాం, అంతే’ అన్నారు. చిన్న గాటు కూడా అక్కడి నిషేధ చట్టం కిందికే వస్తుందని 2019 అక్టోబరులో అక్కడి హైకోర్టు, అంటే వాళ్లకి అదే అత్యున్నత న్యాయస్థానం, తేల్చింది.

చివరిగా ఓటు సంగతి, ఇది మా కారిడార్ వాళ్లకి. శేరిలింగంపల్లిలో ఏడు లక్షలకి పైగా ఓటర్లున్నారు, రాష్ట్రంలోనే పెద్ద నియోజకవర్గాల్లో ఒకటి. 2023 ఎన్నికల్లో పోలింగ్ సగం దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ అద్దె కట్టేవాళ్లలో చాలామందికి ఓటు సొంతూళ్లో ఉంటుంది. ఎమ్మెల్యేకి ఈ లెక్క బాగా తెలుసు. ఆ ఎన్నికల్లో 119 మంది గెలిస్తే అందులో ఆడవాళ్లు 10 మంది. అసెంబ్లీ ఒక్కటే తలుపు కాదు. మనకి శాసనమండలి కూడా ఉంది, అందులో మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ పట్టభద్రుల స్థానం ఉంది. డిగ్రీ ఉన్నవాళ్లే ఓటేసే స్థానం. కులం లెక్క, పింఛను లెక్క కన్నా వాదన వినే అవకాశం అక్కడ కొంచెం ఎక్కువ. 2021లో దానికి 93 మంది పోటీ చేశారు. అప్పుడు గెలిచినవారి గడువు 2027 మార్చితో ముగుస్తుంది. సాధారణ ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన దీనికి ఓటు రాదు. పాత జాబితా కూడా చెల్లదు, ప్రతి ఎన్నికకీ కొత్తగా తయారుచేస్తారు. అడగాల్సింది ఫారం 18. అర్హత తేదీ నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండి ఉండాలి. ఆ ఎన్నికకి నిలబడే ప్రతి అభ్యర్థీ మా గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌసులకి ఓట్లడగడానికి వస్తారు. ఆ ఒక్క పేజీ కాగితం అప్పటికి సిద్ధంగా ఉంచుకోండి.